పలక మీద తాళం

మొన్న అలిపిరిలో ఆటో ఎక్కాను. ఎండ మాడిపోతోంది. డ్రైవరు నడివయసు మనిషి, ఫోనులో పాటలు పెట్టుకుని తల ఊపుతూ నడుపుతున్నాడు. ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలవుతుంటే టక్ టక్, టకటక్ అని బలపంతో పలక మీద కొట్టిన చప్పుడు వినిపించింది. అది మా మస్తాన్ మాస్టరు చేతి చప్పుడు. ఆయనా నేనూ కలిసి చేసిన పేరడీ పాటల ఆల్బంలో చివరి పాట అది. మాస్టరు పోయాక ఆ పాట వినడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాను, చివరికి ఆటోలో దొరికిపోయాను.

మాస్టరుకు తిరుపతిలో పెళ్ళి బ్యాండు ఉండేది. క్లారినెట్ వాయించేవారు. బంతి భోజనాల దగ్గర వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు మన ఆడవాళ్ళు మరిచిపోతున్నారని, ఆ పని ఆయనే నెత్తికెత్తుకున్నారు. అందరికీ తెలిసిన సినిమా బాణీ తీసుకుని, అందులో పెళ్ళికొడుకు మేనమామ పొట్టనూ, ఆడపడుచు అలకనూ కూర్చి పాడేవారు. నేను అప్పట్లో ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. సాయంత్రాలు ఇంట్లో కీబోర్డు వాయించుకోవడం తప్ప నాకు వేరే సరదా లేదు. లాడ్జి కింది హాల్లో పెళ్ళి జరుగుతున్న ఒకరోజు, ఎర్ర కోటు వేసుకున్న ఈ పెద్దమనిషి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"పాపా, నీ మీదొక పాట కట్టినా. ముందు నువ్వు వినాల. నువ్వు నవ్వితేనే బయట పాడతా, లేదంటే ఈడనే మరిసిపోతా" అన్నారు.

గది ఖాళీ లేదని రోజంతా చెప్పే అమ్మాయి మీద పాట అది. నాకు నవ్వు ఆగలేదు. కానీ ఒకచోట అడ్డు తగిలాను. "మాస్టరూ, మేము గది లేదని అనం. 'ఐదు నిమిషాలు కూర్చోండి సార్' అంటాం. వాళ్ళు అట్లే కూర్చోనుంటారు" అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. అక్కడికక్కడే చరణం మార్చారు:

"ఐదే నిమిషాలు కూర్చో సామీ
అలిపిరి మెట్లకన్నా ఓర్పు కావాల ఈడ సామీ!"

పాడటం అయ్యాక, "ఇంగ నువ్వు నాతో కూర్చో, ఇద్దరం కడదాం" అన్నారు. మా జంట అట్లా కుదిరింది.

ఎవరి మీద పాట కడితే వాళ్ళ ఇంటికే వెళ్ళి, వాళ్ళ ముందు కూర్చుని పాడాలి. వాళ్ళు నవ్వాలి. మొహమాటపు నవ్వు చెల్లదు, కడుపులోంచి రావాలి. ఇది ఆయన పెట్టుకున్న నియమం. ఆల్బం చేద్దామనుకున్నాక ఈ నియమం నా ప్రాణం తీసింది. ఆటో స్టాండు వాళ్ళు నవ్వారు. శ్రీహరికోట రాకెట్టు కోసం మేడెక్కి, మబ్బులు చూసి దిగి వచ్చే మా వీధి వాళ్ళు పడీ పడీ నవ్వారు. హాస్టల్లో నీళ్ళ సాంబారు వండే సరోజమ్మ మాత్రం నవ్వలేదు. కొంగుతో మూతి తుడుచుకుని, "వాళ్ళు ఇచ్చే పప్పుకు అంతకంటే చిక్కగా యాడొస్తాది సామీ" అంది. అన్నిటికంటే బాగా కుదిరిన పాట అది. బయటికి వచ్చాక నేను వాదానికి దిగాను, పేరు మార్చి పాడదామన్నాను.

"సూడు సువర్ణా, ఊరంతా నవ్వి ఆయమ్మ ఒక్కతే ఏడిస్తే అది పాట కాదు, రాయి. మనం రాళ్ళేసే పని పెట్టుకోలేదు" అన్నారాయన. ఆ పాట మళ్ళీ ఎత్తలేదు. నాకు రెండు రోజులు కోపం పోలేదు.

ఆల్బం ముగింపు పాట తన మీదే ఉండాలని ఆయన మొదటినుంచీ అనేవారు. "అందర్నీ ఎగతాళి చేసి నన్ను నేను ఇడిసిపెడితే అది దొంగ బుద్ధి" అనేవారు. ఆ పాట కట్టకముందే గొంతులో పుండు బయటపడింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద చేసిన రంధ్రంలోంచి ఊపిరి. మాట లేదు, పాట లేదు, క్లారినెట్ ఊదడానికి నోటి నుంచి గాలి కూడా లేదు. ఆయన భార్య ఫాతిమాబీ బజారుకు వెళ్ళి పలకా బలపాలూ తెచ్చిచ్చింది. మొదటిసారి చూడటానికి వెళ్ళినప్పుడు ఆయన పలక మీద రాసిన మాట ఒక్కటే: 'నా పాట?'

నేను వారం రోజులు కూర్చుని రాశాను. మూగబోయిన వాయిద్యమనీ, మా గుండెల్లో మోగే నాదమనీ ఏవేవో అల్లాను. కీబోర్డు పట్టుకెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చుని పాడాను. పాడుతూ ఏడ్చాను. ఫాతిమాబీ ఏడ్చింది. మాస్టరు నావైపు చూసి చూసి బలపం అందుకున్నారు.

'నేనింకా సావలేదు.'

దాని కింద మళ్ళీ రాశారు: 'అందరికీ ఉప్పూకారం, నాకు మాత్రం గంజేనా?'

నాకు తల కొట్టేసినట్టయింది. ఎగతాళిలో మనిషిని మనతో సమానంగా కూర్చోబెడతాం, జాలిలో కింద కూర్చోబెడతాం. అంతమంది ఇళ్ళకు ఆయన వెంట తిరిగీ నాకు అది బోధపడలేదు. రోగం తిరగబెట్టిందని, ఎక్కువ రోజులు లేవని డాక్టరు అప్పటికే చెప్పాడు. ఆయన నవ్వకుండా ఆ పాట బయటికి రాదు, ఆ పాట లేకుండా ఆల్బం వద్దని ఆయన పట్టు.

తర్వాత నేను పాట సంగతి పక్కనపెట్టి ఊరికే వాళ్ళింటికి వెళ్ళి కూర్చునేదాన్ని. ఒకరోజు టిఫిన్ వేళ ఆయన పలక మీద 'కా' అని రాశారో లేదో, ఫాతిమాబీ కొంగుతో తుడిచేసింది. "కారం దోసె లేదు, ఏం లేదు. జావ తాగు" అంది. ఆయన మళ్ళీ 'కా' రాశారు. ఆమె మళ్ళీ తుడిచింది. పాట నా కళ్ళముందే నడుస్తోంది. మర్నాడే వెళ్ళి పాడాను:

"మాటకు మాట అంటించిన మొగుడు
పలక పట్టి బడికొచ్చినాడు సూడు
కారం దోసె రాయబోతే బీబమ్మ
'కా' కాడనే తుడిచేసె కదమ్మా!"

ముందు ఫాతిమాబీ పకపకా నవ్వింది. "యా అల్లా, నన్ను కూడా ఏసినావే!" అంది. మాస్టరు భుజాలు కదలడం మొదలైంది. శబ్దం లేదు. మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడుతోంది, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. నేను భయపడి పాట ఆపేశాను. ఆమె గుడ్డ సర్దుతూ, "నవ్వుతా ఉండాడమ్మా, పాడు, ఆపొద్దు" అంది. నేను పాడాను. ఆయన పలకను ఒళ్ళో పెట్టుకుని బలపంతో తాళం వేశారు. అంత నవ్వు నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ పాట రికార్డింగులో ఆయన పాడవలసిన చోట్లన్నీ ఆ తాళమే ఉంచాం. ఆల్బం జనంలోకి వెళ్ళిన కొన్నాళ్ళకు ఆయన వెళ్ళిపోయారు.

ఆటోలో 'కా' దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు గట్టిగా నవ్వాడు. నవ్వి, అద్దంలో నావైపు చూస్తూ, "గొంతు పోయినాయన మీద పాటంటక్కా ఇది. ఆ టక్కుటక్కు ఆయనే కొట్టినాడంట. పాపం" అన్నాడు.

"పాపం అనొద్దప్పా, ఆయనకు నచ్చదు. మళ్ళీ పెట్టు" అన్నాను.

మళ్ళీ పెట్టాడు. ఎక్కడైనా మంచాన పడినవాళ్ళను చూడటానికి వెళ్ళినా, నోటిదాకా వచ్చిన 'పాపం' అనే మాటను నేను ఇప్పటికీ మింగేస్తాను. కానీ ఆయన పోయిన దుఃఖాన్ని మింగడం మాత్రం చేతకాలేదు. ఆ రోజు ఆటో కమ్మీ మీద నా వేళ్ళు వాటంతటవే తాళం వేశాయి. 'కా' దగ్గర నవ్వాను. కడుపులోంచే వచ్చింది.