మూడో మనిషి కోసం

ధనరాజుది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె. ఇంటిల్లిపాదీ వేటకెళ్ళేవారే. అతనికి మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పేది. తోటివాళ్ళ నవ్వులు పడలేక ఒడ్డునే ఉండిపోయి, ఇసుకలో పరుగు నేర్చుకున్నాడు. ఆ పరుగే అతన్ని మిలటరీలో చేర్చింది.

పదకొండేళ్ళు పనిచేశాడు. కిందటి ఏడు వేసవిలో సరిహద్దు మీద ఫిరంగి గుళ్ళు పడ్డాయి. ధనరాజు పక్క బంకరు కూలిపోయింది. అందులో ముగ్గురున్నారు. ఇద్దరిని ఒకరి తర్వాత ఒకరిగా వీపున వేసుకుని తెచ్చాడు. మూడో అతని కోసం వెళ్ళి తిరిగి రాలేదు.

కబురు వచ్చేసరికి అతని భార్య యమున నెత్తళ్ళు ఆరబెడుతోంది. విన్నది. చేతిలో చేపలన్నీ పరిచాకే లేచింది. జెండా కప్పిన పెట్టె వచ్చినప్పుడూ ఆమె కంట నీరు లేదు.

"ఒసే, ఏడవే! గుండె పగిలిపోద్ది" అని అత్త లక్ష్మీనరసమ్మ భుజాలు పట్టుకుని కుదిపింది.

"రాట్లేదత్తా" అంది యమున.

కొన్ని నెలలకు పతకం ఇచ్చారు. అతను చేసినదంతా హిందీలో చదివారు. యమునకు ధనరాజు పేరొక్కటే తెలిసింది. నమస్కరించమని ఎవరో చెబితే నమస్కరించింది.

తర్వాతి వారం సాలూరు నుంచి గిరిబాబు వచ్చాడు. ధనరాజు మోసుకొచ్చిన రెండో మనిషి అతనే. కర్ర ఊతంతో నడుస్తున్నాడు.

"నాను వద్దన్నాను వదినా. ఇనలేదు."

"ఆ మూడో అతనెవులు?"

గిరిబాబు కర్ర గోడకి ఆనించి కూర్చున్నాడు. "ఒడిశా కుర్రోడు. అప్పటికే పోయున్నాడు. మాకు తర్వాత తెలిసింది. అన్నకి తెలీదు. పిలిస్తే పలకట్లేదు, సూసొస్తానని ఎల్లాడు."

లోపల లక్ష్మీనరసమ్మ బావురుమంది. యమున కదల్లేదు. కోపం వస్తుందేమోనని చూసుకుంది. అదీ రాలేదు.

"ఆ పూట ఏటైనా తిన్నాడా?"

"రొట్టెలు తిన్నాడు వదినా. నాతోనే."

తలూపి, అతనికి అన్నం వడ్డించింది. అతను తింటుంటే ఎదురుగా కూర్చుని అడిగింది.

"ఆ అబ్బాయికి ఎవులున్నారు?"

"తల్లి ఒక్కత్తే."

"నెంబరుంటే ఇయ్యి."

మర్నాడు పొద్దున్నే ఫోను చేసింది. చేపల బేరాల్లో పట్టుబడ్డ నాలుగు ఒడియా ముక్కలు కూడదీసుకుని, మీవాడు ఒంటరిగా లేడమ్మా, మా ఆయన పక్కనే ఉన్నాడు అని చెప్పింది. అవతల ముసలావిడ ఏడుస్తోంది. ఆ ఏడుపు ఆగేదాకా యమున ఫోను పెట్టెయ్యలేదు.