అడవి వెల్లుల్లి పచ్చడి

పల్లెటూరి పిల్లలకు పొలం గురించి, తిండి గురించి చెప్పడం నా ఉద్యోగం. హానోవర్ దగ్గర ఒక గ్రామీణ యువజన కేంద్రంలో ఎనిమిదేళ్లుగా అదే చేస్తున్నాను. ఆవుల మధ్య పెరిగిన జర్మన్ పిల్లలకు సేద్యం నేర్పడానికి కరీంనగర్ నుంచి నేనొచ్చానంటే మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. పని మాత్రం నాకు బాగా వచ్చనే అనుకునేదాన్ని.

వసంతంలో పిల్లలను తీసుకెళ్లి అడవి వెల్లుల్లి ఆకు కోయిస్తాం. అదే పోలికలో మరో ఆకు ఉంటుంది. అది విషం, గుండె మీద పనిచేస్తుంది. రెండూ పక్కపక్కనే మొలుస్తాయి. అందుకే కాడ చూసి ఒక్కో ఆకే తెంపాలి. వాసనను నమ్మకూడదు, రెండాకులు తెంపేసరికి చేతులకే వెల్లుల్లి వాసన పడుతుంది. ఇదంతా పిల్లలకు చెప్పింది నేనే. చెప్పి, వాన వచ్చేలా ఉందని, బుట్ట నిండలేదని, ఊళ్లో చింతచిగురు దూసినట్టు గుప్పిళ్లతో దూసేశాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

కేంద్రానికి వచ్చి పచ్చిమిరపకాయలు, నువ్వులు వేసి పచ్చడి నూరి, రొట్టె మీద రాసి పదకొండు మందికీ పెట్టాను. తొమ్మిదేళ్ల పాప ఒకతె రెండోసారి అడిగి మరీ తిన్నది. ఆ తర్వాత మిగిలిన ఆకు కడుగుతుంటే ఒకే కాడకు రెండాకులు కనిపించాయి. వెల్లుల్లికి అలా ఉండవు. పచ్చడిలో ఇంకెన్ని పడ్డాయో!

చెప్పడానికి సిగ్గుగా ఉంది, ముందు ఫోన్ చేసింది మా ఆయనకు. జరిగింది చెప్పి, "నా ఉద్యోగం పోతదేమో" అన్నాను.

"ఉద్యోగం సంగతి తర్వాత చూస్కుందం. ముందు ఈ ఫోన్ పెట్టేసి విషం తిన్నోళ్ల హెల్ప్‌లైన్‌కు చెయ్" అన్నాడు.

హెల్ప్‌లైన్‌లో ఒకామె ఎంతమంది తిన్నారు, ఎంత తిన్నారు, ఎంతసేపైంది అని నెమ్మదిగా అడిగింది. నేను చెబుతుండగానే ఆ పాప కడుపు పట్టుకుని వాంతి చేసుకుంది. మిరపకాయ వల్లో, ఆ ఆకు వల్లో ఇప్పటికీ తెలియదు. అంబులెన్స్ వచ్చింది. పాప తల్లికి, మిగతా పిల్లల తల్లిదండ్రులకు ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి చెప్పాను.

ఆసుపత్రిలో పాప ఛాతీకి వైర్లు అంటించి గుండె చూస్తున్నారు. తెర మీద అంకె తగ్గినప్పుడల్లా నా పైప్రాణాలు పైనే పోయేవి. పాప తల్లి పాడిరైతు, పశువుల కొట్టంలోంచి బురద బూట్లతోనే పరుగెత్తుకొచ్చింది. పాప చెయ్యి పట్టుకుని చూసి, నా వైపు తిరిగి, "మీరు తిన్నారా?" అని అడిగింది.

తినలేదు. మా ఇంట్లో వడ్డించేవాళ్లు అందరి తర్వాతే తింటారు. పిల్లలయ్యాక తిందామని నా రొట్టె పక్కన పెట్టుకున్నాను. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాను గానీ, తప్పించుకుంటున్నట్టు నాకే అనిపించింది. "లేదు" అన్నాను. ఆమె తన కుర్చీని నాకు దూరంగా జరుపుకుంది.

సాయంత్రానికి పిల్లలెవరికీ ఏమీ కాలేదని తేలింది. ఉద్యోగమూ మిగిలింది. ఇప్పుడు ఏం వండినా ముందు నేనే తింటాను, భయపడుతూనే. మరుసటి వసంతంలో ఆ పాప మళ్లీ వచ్చింది. వాళ్లమ్మ మాత్రం దింపేసి వెళ్లిపోలేదు. నేను మొదటి ముక్క నమిలి మింగేదాకా గుమ్మంలో నిలబడి చూసి, అప్పుడు వెళ్లింది.