మగ్గాల ఇంట్లో గుసగుసలు

తిరుపతిలో మేముండే అపార్టుమెంటు లిఫ్టులో అప్పుడప్పుడు ఫినాయిల్ వాసన వస్తుంది. పై అంతస్తు వాళ్ల కుక్క షికారుకని వీధిలోకి దిగకముందే తడిపేసిందనీ, వాళ్లు దాన్ని తిడుతూ తుడిచారనీ అర్థం. ఆ వాసన తగిలితే చాలు, నగరిలో మా ఇల్లు గుర్తుకొస్తుంది. మా మేనత్త నన్నన్న మాట కూడా.

ముందు గదిలో నాలుగు మరమగ్గాలు పొద్దుగూకేదాకా టకటకలాడుతుండేవి. మా కనురెప్పల మీద నూలు దుమ్ము, అన్నం ముద్దలో కూడా గంజి వాసన, నాయన పంచె మీద ఆయిల్ మరకలు. ఆ మోతలో మాట వినపడాలంటే అరవాల్సిందే కాబట్టి, కరెంటు పోయి మగ్గాలు ఆగినా మేం అరుచుకుంటూనే ఉండేవాళ్లం. మా ఇంట్లో ఎవరైనా ఉప్పు అడిగితే వీధి చివరికి తెలిసేది.

బస్టాండు దగ్గర వణుకుతున్న మణిని ఇంటికి తెచ్చింది నేనే. చింతపండు రంగు కుక్క. సాయంత్రం గొలుసు చేతపట్టి "మణీ, పోదాం రా!" అంటే చాలు, నేలకు అతుక్కుపోయి, గడప దాటకముందే ఉచ్చ పోసేది. తిడితే ఇంకాస్త పోసేది. ఒకరోజు అది మడతపెట్టిన చీరల కట్ట దాకా పారింది.

"కుక్కకూ బుద్ధి లేదు, దాన్ని తెచ్చినదానికీ లేదు. శుక్రవారం నూలు బండి వస్తాది. సత్యవేడు తోపుల్లో ఇడిసిపెట్టి రమ్మంటా, సూడు!" అంది అత్త, పనివాళ్లందరి ముందూ. అప్పుడు నాకు పదేళ్లు. ఆ మాట ఈనాటికీ మరవలేదు.

ఆ వారమే ఆడికృత్తిక పండగ వచ్చింది. కావళ్ల వెంట హరోహర అంటూ అరిచి, బొరుగులు బుక్కి, వరసగా పుల్ల ఐసులు చప్పరించేసరికి నా గొంతు పూర్తిగా పోయింది. మర్నాడు మణిని పిలవడానికి మాట రాక, పక్కన కూర్చుని చెవిలో ఊపిరితో "పోదాం రా" అన్నాను. అది తోక ఊపుతూ లేచి, పొడినేల మీదుగా వీధిలోకి నడిచి, కరెంటు స్తంభం దగ్గర తీరుబడిగా కాలెత్తింది. దానికి షికారంటే భయం లేదు. మా పిలుపే దానికి తిట్టులా వినపడేది.

నాయనకు చెబితే నవ్వాడు. కానీ ఆ సాయంత్రం నుంచి నేను మణిని బయటికి తీసుకెళ్లేదాకా నాలుగు మగ్గాలూ ఆపేవాడు. గొలుసు చప్పుడు కాకుండా నేను దానికి పాత గుడ్డ చుట్టాను. ఇంట్లో అందరూ గొంతు తగ్గించారు, అత్త తప్ప.

"కుక్క కోసరం నేను నోరు మూసుకోవాల్నా?"

శుక్రవారం నూలు బండి గుమ్మం ముందు ఆగింది. నేను వాకిలికి అడ్డంగా నిలబడ్డాను. "నువ్వే ఒకసారి మెల్లగా పిలువత్తా. తడిపితే తీసకపోనీ."

నాయన మగ్గాలు ఆపాడు. పనివాళ్లు చుట్టూ చేరారు. వీధినంతా గడగడలాడించే మా అత్త మోకాళ్ల మీద కూర్చుని, బొంగురుగా, ఎవరో గొంతు అరువిచ్చినట్టుగా, "మణీ... రామ్మా..." అంది. మణి లేచింది. చీరల కట్టను దాటింది. గడప దాటింది. నేల మీద ఒక్క చుక్క లేదు. బండి వట్టిగానే పోయింది. కేక పెట్టాలనిపించినా, రెండు చేతులతో నోరు మూసుకుని గెంతాను.

తప్పు తనదేనని మాత్రం అత్త అనలేదు.

మణి మా ఇంట్లోనే ముసలిదై పోయింది. మగ్గాలు పాతసామాన్ల వాళ్ల పాలయ్యాయి. ఆ వీధిలో ఇప్పుడు కాకి అరిస్తే వినపడుతుంది. అత్తకే చెవులు వినపడవు. పోయిన నెల వెళ్లి, ఆమె చెవి దగ్గర గొంతు చించుకుని మళ్లీ అడిగాను: "ఆ పొద్దు నన్నన్న మాట తప్పే గదత్తా?"

అత్త పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"అరవబాకే. మణి తడిపేస్తాది."

క్షమాపణగానే తీసుకున్నాను. గెలుపు నాదే.