ఎండ కాస్తున్న చన్నీళ్ళు

మే నెలలో ఒక శనివారం పొద్దున్నే నేనూ నా రూమ్మేట్ శ్రావణూ హామిల్టన్‌లో బస్సెక్కాం. చదువుకోడానికి ఈ మంచు దేశం వచ్చి చలికాలమంతా గదిలో మగ్గిన స్టూడెంట్లం, ఎండ చూస్తే కాలు నిలవలేదు. చర్చిలో పరిచయమైన శామ్యూల్ అంకుల్ చేపలు పట్టడానికి రమ్మన్నారు. వాన్ అనే ఊళ్ళో బస్సు దిగేసరికి కారు మీద రెండు కయాక్ పడవలు కట్టుకుని ఉన్నారాయన. అక్కణ్ణించి రెండు గంటలు ఉత్తరానికి. దారిలో ఆంటీ కట్టిచ్చిన పులిహోర తిన్నాం.

సరస్సు దగ్గర టీషర్టులోనే చెమట పడుతోంది. అంకుల్ లైఫ్ జాకెట్ అందిస్తే నవ్వొచ్చింది.

"నాకు ఈత వచ్చు అంకుల్. తెనాలి కాలవలో పెరిగాను."

"మంచిదే. జిప్ పైదాకా లాగు, లేదంటే ఒడ్డున కూర్చో."

కాదనలేక వేసుకున్నాను. ఒక్క మనిషి పట్టే సన్నటి పడవలో నేను, ఇంకోదాంట్లో ఆయన. శ్రావణ్ ఒడ్డునే ఫొటోలు తీస్తున్నాడు.

గాలాన్ని ఏదో లాగింది. అటు వంగాను. ఆకాశం పక్కకు తిరిగిపోయింది.

నీళ్ళు చల్లగా తగల్లేదు. గుండెల మీద ఎవరో తన్నినట్టు తగిలాయి. ఎవరో రొప్పుతున్నారు. అది నేనేనని ఆలస్యంగా తెలిసింది. ఈత కొట్టాలనుకున్నాను, చేతులు ఎలా ఆడించాలో గుర్తు రాలేదు. నెత్తిన ఎండ, మెడ కింద మంచు. ఏ కాలంలో ఉన్నానో అర్థం కాలేదు. జాకెట్ మాత్రం నా ముఖాన్ని నీళ్ళ పైనే ఉంచింది.

"ఈత కొట్టకు! ముందు ఊపిరి కుదుటపడనీ!" అని అరుస్తూ అంకుల్ వచ్చారు. ఆయన కయాక్ పట్టుకోబోతే వేళ్ళు ముడుచుకోలేదు. అంచున ఉన్న తాడులో మోచెయ్యి దూర్చి వేలాడాను. ఆయన తెడ్డు వేసుకుంటూ లాక్కొచ్చారు. పొడిబట్టలు తొడిగి, కార్లో హీటర్ పెట్టి కూర్చోబెట్టారు. ఎంతసేపు వణికానో తెలియదు.

తిరుగు బస్సులో శ్రావణ్ అడిగాడు.

"ఒడ్డు ఎంత దూరమనిపించిందిరా?"

"కనిపించనే లేదు."

"నేను ఒడ్డు మీదనే ఉన్న కదా. నువ్వు ఊపిరి తీస్తుంటే నాకు ఇనబడ్డది."

అతని ముఖంలోకి చూశాను. హాస్యమాడటం లేదు. అంత దగ్గర్లోనా నేను మునగబోయింది? ఇప్పటికీ లెక్క తేలడం లేదు. వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెప్పగలను: ఎండను చూసి నీళ్ళను నమ్మకండి; జాకెట్ ఒడ్డు మీదే వేసుకుని పడవెక్కండి.