రోడ్డు మీద రామయ్య చారు

నూడుల్స్ విషయంలో నాకు కొన్ని పట్టింపులు ఉన్నాయి. నీళ్ళు ఇగిరి ముద్దగా అయినవాటిని నేను తినను. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు మర్యాదకు పెట్టినా తినను. గిన్నెలో చారు ఉండాలి, ఎర్రగా ఉండాలి, మొదటి గుక్కకే ముక్కు కారాలి. ఈ పట్టింపులన్నీ సరూర్‌నగర్‌లో మా ఇంటి మేడ మీద మొదలయ్యాయి.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. పేరుకే గానీ కాలేజీ తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. నాన్న ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, సంతకం పెట్టి, పెన్ను మూసి జేబులో పెట్టుకుని, సాయంత్రం దాకా ఆఫీసు ఆవరణలో సమ్మె టెంటు కింద కూర్చుని వచ్చేవాడు. వచ్చాక కాళ్ళు నొప్పులనేవాడు. "పని చేసిననాడు గూడ గింత అలిసిపోలే ఈయన" అని అమ్మ నవ్వేది.

ఇంట్లో ఉన్నంతసేపూ మా టీవీలో వార్తలే. చూసిన వార్తనే మూడు ఛానెళ్ళలో మార్చి మార్చి చూస్తే గానీ నాన్నకు నమ్మకం కుదిరేది కాదు. నేను ఆ గోల పడలేక మేడ మీద అద్దెకున్న అక్క దగ్గరికి పోయేదాన్ని. అక్కది కృష్ణా జిల్లా. ఆమె భర్త మందుల కంపెనీలో పని చేస్తూ ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుండేవాడు. నేను పదో తరగతిలో ఉండగా వచ్చారు. నాన్నను బాబాయిగారు అని, అమ్మను పిన్నిగారు అని, నన్ను పిల్లా అని పిలిచేది. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. ఆమె వచ్చాక లేరన్న సంగతి కూడా మరిచిపోయాను.

అక్క టీవీలో వంటల ఛానెల్ వచ్చేది. ఒకనాడు జపాన్ వాళ్ళ రామెన్ చూపించారు. లోతైన గిన్నెలో ఎర్రటి చారు, అందులో నూడుల్స్, పైన సగానికి కోసిన గుడ్డు. వండేవాడు దాని గురించి చాలా గొప్పలు చెప్పుకున్నాడు.

"ఇందులో ఏముంది పిల్లా, మన చారులో సేమ్యా పడింది అంతేగా" అంది అక్క. ఆమె దేన్నైనా అలాగే తీసిపారేసి, మర్నాడు పొద్దున్నే ఆ పనిలో దిగేది.

మర్నాడు బందు. చికెన్ దుకాణం షట్టరు సగం దించి ఉంది. కింద నుంచి వంగి అడిగి, మెడలూ ఎముకలూ కట్టించుకుని వచ్చాను. "బొక్కలు తెచ్చిన" అని మెట్ల మీద నుంచే కేక వేశాను. అక్క నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. వాళ్ళ వైపు బొక్క అంటే చిల్లు.

"ఎముకలు అనలేవూ?"

"అవి బొక్కలే. నువ్వే ఎముకలంటున్నవ్."

ఆమె వెల్లుల్లి అడిగితే నేను ఎల్లిగడ్డ ఇచ్చేదాన్ని. నేను గంజు అడిగితే ఆమె గిన్నె ఇచ్చేది. ఆ వంటగదిలో ప్రతి వస్తువుకూ రెండేసి పేర్లుండేవి. వంటకు మాత్రం దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

మొదటిసారి చెడిపోయింది. నూడుల్స్‌ను చారులోనే ఉడికించాం. అవి ఉన్న చారంతా తాగేసి ఉబ్బి కూర్చున్నాయి. రెండోసారి వేరే నీళ్ళలో సగం ఉడకబెట్టి, వడకట్టి, తినేముందు మాత్రమే చారులో వేశాం. నేటికీ నేను అలాగే చేస్తాను. ఎముకల్ని అల్లం, వెల్లుల్లి, మిరియాలతో సన్నమంట మీద నీళ్ళు సగమయ్యేదాకా మరిగించాలి. ఎండుమిరపకాయల్ని వేడినీళ్ళలో నానబెట్టి, వెల్లుల్లి, వేయించిన నువ్వులతో మెత్తగా నూరి, ఆ ముద్దను నువ్వుల నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించాలి. నూనె పైకి తేలాక చారులో కలపాలి. ప్యాకెట్‌లో వచ్చే మసాలా పొట్లాన్ని అక్క ముట్టుకోనిచ్చేది కాదు. మిరపకాయల దగ్గర మాత్రం పేచీ ఉండేది. మావి నల్గొండ జిల్లాలోని మా ఊరి నుంచి వచ్చేవి, ఆమెవి వాళ్ళ పుట్టింటి నుంచి. మీవి రంగుకే పనికొస్తాయని ఆమె, మీవి మంటకే పనికొస్తాయని నేను. చివరికి చెరిసగం వేసేవాళ్ళం.

వాసనకు నాన్న మెట్లెక్కి వచ్చాడు.

"దీని పేరేంది?"

"రామెన్, నాయినా."

"రామయ్యనా? మంచిగుంది. రామయ్య చారు."

ఆ పేరే ఖాయమైంది. నాన్న రెండు గిన్నెలు తాగి, మూతి తుడుచుకుని, "నీ చెయ్యి చల్లగుండ బిడ్డా" అని అక్కను మెచ్చుకుని వెళ్ళాడు. ఆ తర్వాత టెంటు నుంచి వచ్చినప్పుడల్లా గేటు దగ్గర నుంచే "బిడ్డా, రామయ్య ఉన్నడా ఇంట్ల?" అని మేడ వైపు చూసి అడిగేవాడు.

ఆ నాన్నే మా కాలనీలో నినాదాలు ఇచ్చేవాడు. గొంతు బాగుంటుందని చేతిమైకు ఆయనకే ఇచ్చేవాళ్ళు. ఊరేగింపు మా వీధిలోంచే పోయేది. "తెలంగాణవాలే జాగో" అని నాన్న అంటే, "ఆంధ్రావాలే భాగో" అని, అంటే ఆంధ్రావాళ్ళు పారిపోండని, వెనక జనం. పైన అక్క బట్టలు ఆరేస్తూ ఉండేది. ఊరేగింపు మలుపు తిరిగాక కాసేపటికి నాన్న ఒక్కడే ఇంటికొచ్చి, తలెత్తి, "తిన్నవా బిడ్డా?" అనేవాడు. ఈ రెంటి మధ్యా ఆయనకు ఏ వైరుధ్యమూ కనిపించలేదు. అక్కకు కూడా కనిపించినట్టు లేదు. "బాబాయిగారు ఈరోజు గొంతు కాస్త పాడుచేసుకున్నారు, మిరియాల పాలు ఇవ్వండి పిన్నిగారూ" అనేది అమ్మతో.

భరించలేకపోయింది ఆమె భర్త. తమవాళ్ళు ఎక్కువగా ఉంటారని కూకట్‌పల్లి వైపు ఇళ్ళు చూడటం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చిన రెండు రోజులూ అదే మాట. అక్క మాత్రం కదలనంది.

"ఎవరో ఏదో అరిచారని ఇల్లు మారుతామా? నన్నెవరన్నారు ఇక్కడ?" అని ఆమె అనడం నేను విన్నాను. మెట్ల మీద నిలబడి విన్నాను, అదేం గొప్ప పని కాదు. ఆమె పోకూడదని నాకు చాలా గట్టిగా ఉండేది. పోతే ఆ మెట్లెక్కే పని నాకు ఉండదు. మిగతా ఉద్యమమంతా ఎటు పోయినా నాకు తేలాల్సింది అదొక్కటే.

అప్పుడు వంటావార్పు వచ్చింది. ఆ రోజు ఎవరూ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. వీధికొక పొయ్యి చొప్పున నడిరోడ్డు మీద పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతి కట్టి తినాలి. బండ్లు ఆగిపోతాయి. నిరసనకు నిరసన, భోజనానికి భోజనం. మాది ఎల్బీనగర్ చౌరస్తా. మా వీధి తరఫున వండేది మా ఇల్లేనని నాన్న అందరి ముందూ మాట ఇచ్చి వచ్చాడు. అమ్మకు మోకాళ్ళ వాపు. లేచి నిలబడటమే కష్టం.

"రామయ్య చారు చేస్త" అన్నాను.

"రోడ్డు మీద నూడుల్సా? ఇజ్జత్ తీస్తవా? అందరు కిచిడీ చేస్తుంటే మనం చీనోళ్ళ తిండి పెడితే ఏమంటరు?"

"జపానోళ్ళది, నాయినా."

"అయితే మరీ మంచిగుంది!"

"నాకు వచ్చింది గదొక్కటే. కాదంటె నువ్వే వండు."

నాన్నకు వంట రాదు. ఒప్పుకున్నాడు. అక్క మెట్లు దిగుతూ విని, "అంత గంజు నువ్వొక్కదానివే ఏం మోస్తావ్ పిల్లా, నేనూ వస్తా" అంది. గంజు అనే అంది. నాన్న కాసేపు చెప్పుల వైపు చూసుకున్నాడు.

"నువ్వెందుకు బిడ్డా, గా ఎండల?"

"ఎండ మీకు మాత్రం లేదా బాబాయిగారూ?"

చౌరస్తా జాతరలా ఉంది. వరసగా పొయ్యిలు, పొగ, డప్పులు. రోడ్డు మధ్యలో పిల్లలు ధైర్యంగా పరుగెత్తుతున్నారు. ఎప్పుడూ దాటడానికే భయపడే రోడ్డు మీద చాప వేసుకుని కూర్చోవడం నాకు సరదాగా అనిపించింది. ఇటుకలు పేర్చి, ఇంటి నుంచి తెచ్చిన చారు గంజును ఎక్కించాం. నేను నీళ్ళు మోసుకురావడానికి ట్యాంకరు దగ్గరికి వెళ్ళాను. చారులో కారం ముద్దంతా ఇంటి దగ్గరే కలిపేశానని అక్కకు చెప్పలేదు. ఆమె కూడా వాళ్ళ మిరపకాయలతో ఒక డబ్బా నిండా ముద్ద నూరి తెచ్చానని నాకు చెప్పలేదు. నేను తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీగా ఉంది, చారు మీద ఎర్రటి నూనె అంగుళం మందాన తేలుతోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పటికే జనం గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు.

తిన్నవాళ్ళెవరూ కారంగా ఉందనలేదు, బాగుందనీ అనలేదు. వాళ్ళకు మాట వస్తే కదా. ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ పెట్టమన్నాడు. మా వీధి బంతిలో డప్పు కొట్టేవాళ్ళు కూడా డప్పు పక్కన పెట్టి ఉఫ్ ఉఫ్ అంటున్నారు. నాకు సిగ్గూ నవ్వూ రెండూ వచ్చాయి.

నాన్న నిలబడే గబగబా నాలుగు గుక్కలు మింగి, మైకు అందుకున్నాడు. "తెలంగాణవాలే జాగో" అన్నాడు. తర్వాతి మాట జనానికి అందించబోతూ "ఆంధ్రా" అన్నాడు. అంతే, పొలమారింది. మైకులో దగ్గు చౌరస్తా అంతా వినబడింది. ముఖం కందిపోయింది, కళ్ళలో నీళ్ళు. నేను లేచేలోపే అక్క నీళ్ళ చెంబుతో పరుగెత్తింది. ఒక చేత్తో నీళ్ళు తాగిస్తూ, ఇంకో చేత్తో నాన్న నడినెత్తి మీద తట్టింది.

"ఎవరో తలుచుకుంటున్నారు బాబాయిగారూ, నెమ్మదిగా తాగండి. ఏం కాదు, ఏం కాదు."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ మాట, ఆ యాస, చౌరస్తా నలుమూలలా వినిపించింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తింటున్నవాళ్ళు తింటున్నట్టే తలెత్తారు. పక్క వీధి బంతిలోంచి ఒకావిడ, కోపంగా కాదు, ఊరికే తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"ఏ ఊరమ్మా మీది?"

అక్క చెయ్యి నాన్న తల మీదే ఆగిపోయింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఈమె మా ఇంట్ల కిరాయికుంటది. మంచోళ్ళు. గీ చారు గూడ ఈమెనే చేసింది. మనం అనేది ఇసొంటోళ్ళను కాదు. ఈళ్ళు యాడికి పోవుడు అవసరం లేదు. నేను చెప్తున్న, మీరు ఈడనే ఉండుండ్రి బిడ్డా. ఎవ్వడన్న ఏమన్న అంటే నా పేరు చెప్పుండ్రి."

జనం చప్పట్లు కొట్టారు. నిజంగానే ఇష్టంగా కొట్టారు. ఊరు అడిగిన ఆవిడ వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. ఆ రోజు ఆ రోడ్డు మీద మైకు పట్టుకుని ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. నాన్న మీద నాకు అంత గర్వం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. అక్క ఇంక పోదు, తేలిపోయింది అనుకున్నాను. సంతోషంతో ఆ మండే చారే ఇంకో గిన్నె తాగాను. అక్క అందరికీ నవ్వుతూ నమస్కారం పెట్టింది.

ఇంటికొచ్చాక గంజు తనే తోముతానంది. చాలాసేపు తోమింది. నేను కారం సంగతి ఎత్తి నవ్వించబోయాను. నవ్వింది గానీ వెంటనే ఆపేసింది.

ఆ నెల దాటకుండానే కూకట్‌పల్లిలో ఇల్లు కుదిరింది. ఈసారి అక్క కాదనలేదు. భర్త అడగకముందే సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. నాకు కోపమొచ్చింది. వంటగది గుమ్మంలో నిలబడి కడిగేశాను.

"అన్ని దినాలు పొమ్మని ఒర్రితె ఉన్నవ్. ఇప్పుడు ఉండమంటె పోతవా?"

ఆమె పోపుల డబ్బాకు పాత చీర ముక్క చుడుతోంది. అది ముడివేసి అంది.

"పొమ్మని అరిచినన్నాళ్ళూ ఎవర్నో అంటున్నారులే అనుకున్నాను పిల్లా. నిజంగానే అలా అనుకున్నాను. మీ నాన్నగారు ఉండమన్నారు చూడు, అప్పుడు తెలిసింది, అది నన్నేనని."

ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది గానీ సర్దడం ఆపలేదు.

చిన్న లారీ వచ్చిన రోజు నాన్న ఆఫీసుకు వెళ్ళలేదు. మంచం తనే పట్టుకుని దింపించాడు. బీరువా గోడకు తగలకుండా మెట్ల మీద అడ్డం నిలబడ్డాడు. అంతా ఎక్కించాక గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం చూస్తే, చేసిన తప్పేమిటో ఎవరైనా చెబితే దిద్దుకుందామని ఉన్నట్టుంది. ఎవరూ చెప్పలేదు.

"ఏంది బిడ్డా, నేను ఉండమన్న గద" అన్నాడు.

"అవును బాబాయిగారూ, అన్నారు" అంది అక్క. వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి, లారీ ఎక్కింది.