ఎడమకి లాగే సైకిలు

ఆ వీధిలో అందరూ ఆయన్ని లిఫ్టాయన అనేవారు. ఉద్యోగం నుంచి ఆయన రిటైరయ్యాడు గానీ ఆ పేరు రిటైరవలేదు. ఎత్తయిన భవనాల్లో లిఫ్టులు బాగుచేసే పని. చీకటి గొయ్యిలో, గ్రీజు పట్టిన ఇనపతాళ్ళ పక్కన, చేతిలో టార్చి పట్టుకుని జీవితమంతా పైకీ కిందకీ తిరిగాడు. "ఇన్నేళ్ళు పని చేశారు, ఒక్క అడుగు ముందుకి వేసింది లేదు" అని భార్య ఏడిపించేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

భార్య స్కూలు యూనిఫాంలు కుట్టేది. ముందు గదంతా నీలం గుడ్డ ముక్కలు, దారపుండలు. ఖాళీగా కూర్చోలేక ఆయన అక్కడే కుర్చీ వేసుకుని గుండీలు కుట్టిపెట్టేవాడు. కూర్చుని కూర్చుని పొట్ట పెరిగింది. షుగరొచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి.

"రోజూ నడవాలి" అంది డాక్టరమ్మ. ఆయన కూతురంత వయసుంటుంది ఆమెకి.

"నడిస్తే మోకాళ్ళు ఊరుకోవడం లేదమ్మా."

"అయితే సైకిలు తొక్కండి. మోకాళ్ళ మీద అంత బరువు పడదు. ఒకప్పుడు తొక్కే ఉంటారుగా?"

తొక్కాడు. పెళ్ళికి ముందు ఊరంతా సైకిలు మీదే తిరిగాడు. ఆ మాట వినగానే ఆయన ముఖం ఎంత వెలిగిందంటే, పక్కన కూర్చున్న భార్య అనుమానంగా చూసింది.

వీధి మూలనున్న సైకిల్ షాపులో కొత్తవన్నీ సన్నగా, రంగురంగులుగా, ఆయన కంటికి బొమ్మల్లా కనిపించాయి. గోడవారగా నిలబడ్డ పాత నల్లది నచ్చింది. వెడల్పాటి క్యారియరు, ఇత్తడి బెల్లు, గట్టి సీటు. షాపువాడు మామూలుగా మాటల పుట్ట. దీని సంగతి వచ్చేసరికి మాత్రం తక్కువ మాట్లాడాడు.

"ఎవరిదిది?"

"చేతులు మారుతూ వచ్చింది సార్" అని తల వంచుకుని రిమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్నే భార్య గుమ్మంలో నిలబడి చూస్తుండగా ఆయన సైకిలెక్కాడు. వంకరటింకరగా పోయి చెత్తకుండీని గుద్దబోయి తప్పించుకున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత తొక్కడం ఆయన ఒంటికే గుర్తొచ్చింది. కాళ్ళు వాటంతటవే తిరిగాయి, చొక్కాలోకి గాలి దూరింది. నూలు మిల్లు పొడవాటి గోడ పక్కన పోతూ, ఎవరూ లేరు కదా అని గట్టిగా ఈల కూడా వేశాడు.

మిల్లు గోడ అయిపోయిన చోట రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపు వెడల్పాటి కొత్త రోడ్డు. ఆయన అటే వెళ్దామనుకున్నాడు. హ్యాండిల్ ఎడమకి లాగింది.

గుంతలో పడిందేమో అనుకున్నాడు. రెండో రోజూ అక్కడే లాగింది. చిన్నపిల్ల వేలు పట్టుకుని "అటు కాదు, ఇటు" అని లాగినట్టు ఉంది. మూడో రోజు గట్టిగా కుడికి తిప్పితే భుజం నొప్పి పుట్టింది.

షాపువాడు ఫోర్కు విప్పాడు, బేరింగులు చూశాడు, చక్రం తిప్పి వంకరుందేమో చూశాడు. తానే ఎక్కి చేతులొదిలేసి షాపు ముందు పోయి వచ్చాడు. సైకిలు ముక్కుసూటిగా నడిచింది.

"ఇందులో ఏ లోపమూ లేదు సార్."

"ఆ మలుపు దగ్గరే లాగుతోందయ్యా."

షాపువాడు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "వద్దనుకుంటే ఇచ్చేయండి. ఏమీ అనుకోను" అన్నాడు చివరికి.

లిఫ్టాయన ఇవ్వలేదు. ఎవరూ పిలవకుండా ఖాళీ అంతస్తులో ఆగే లిఫ్టుల గురించి జనం గుసగుసలాడటం ఆయన ఉద్యోగమంతా విన్నాడు. వెళ్ళి చూస్తే ప్రతిసారీ కారణం దొరికేది. ఎలుక కొరికిన వైరో, చెమ్మ పట్టిన స్విచ్చో. ఇనుము ఊరికే ఏమీ చేయదని ఆయన నమ్మకం. ఇదేమిటో తేల్చుకోవాలనుకున్నాడు.

మంచు పట్టిన ఒక పొద్దున, ఆ మలుపు దగ్గర హ్యాండిల్ మీద పట్టు వదిలేశాడు. వేళ్ళు ఊరికే ఆనించి కూర్చున్నాడు.

సైకిలు ఎడమకి తిరిగింది. మూసిన షట్టర్ల మధ్య నుంచి పోయింది. ఒక సందు, ఇంకో సందు. ఆయన ఎప్పుడూ రాని దారులు. మలుపు రాబోతోందని ఆయనకి తెలియకముందే హ్యాండిల్‌కి తెలుస్తోంది. గుంతలు ఉన్నచోట ముందే పక్కకి జరుగుతోంది. పెడల్స్ ఎంత తేలిగ్గా ఉన్నాయంటే, తొక్కుతున్నది తనేనా అని కిందకి చూసుకున్నాడు. రంగు పెచ్చులూడిన ఆకుపచ్చ గేటు ముందు వేగం తగ్గింది. ఆగింది. బెల్లు ఒకసారి మోగింది.

ఆయన చెయ్యి బెల్లు మీద లేదు.

లోపల తలుపు తెరుచుకుంది. తెల్లజుట్టు ముడివేసుకున్న పెద్దావిడ, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన్ని చూడలేదు. సైకిలుని చూసింది. గేటు గడియ తీసింది.

"లోపలికి రా తమ్ముడూ. భయపడకు. నువ్వు నాలుగోవాడివి."

సైకిలు నడిపించుకుంటూ ఆయన లోపలికి నడిచాడు. లోపలి గోడ మీద నడుమెత్తున సున్నం అరిగి నల్లటి మరక ఉంది. ఏళ్ళ తరబడి ఏదో ఒకటే చోట ఆనుకున్న గుర్తు. సైకిలు అక్కడ ఆనించగానే హ్యాండిల్ చివర సరిగ్గా ఆ మరకలో కూర్చుంది.

ఆవిడ గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, అరుగు మీద కూర్చుని చెప్పింది. ఆమె భర్త నీళ్ళ శాఖలో మీటర్లు చూసేవాడు. ఈ సైకిలు మీదే ఇల్లిల్లూ తిరిగేవాడు. ఊరి బయట రిజర్వాయరు కట్టినప్పుడు ఆయన పుట్టిన పల్లె మునిగిపోయింది. ఆ ఊసు ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. ఒకరోజు ఎప్పటిలాగే పనికి బయల్దేరాడు. ఇంటికి రాలేదు. రిజర్వాయరు దగ్గర సైకిలు స్టాండు వేసి ఉందని పోలీసులు తెచ్చిచ్చారు. ఈతగాళ్ళు వెతికారు. మనిషి దొరకలేదు.

"దీన్ని చూస్తూ ఉండలేక షాపువాడికి అమ్మేశాను. కొన్నది పేపర్లు వేసే మనిషి. పట్టుమని వారం తిరగలేదు, తెల్లబోయిన ముఖంతో ఈ గేటు ముందున్నాడు. తర్వాత ఒక గుమాస్తా. ఆ తర్వాత కాలేజీ అమ్మాయి, పాపం ఏడ్చేసింది. అందరూ తిరిగి షాపులో ఇచ్చేశారు."

"ఇంటికొస్తోందన్నమాట" అన్నాడు ఆయన.

"ఇంటికొస్తుంది, నాకు తెలుసు. ఇక్కడ్నుంచి ఎటు పోతుందో మాత్రం ఎవరూ చూడలేదు. ముగ్గుర్నీ అడిగాను. పారిపోయారు." ఆమె గ్లాసు తీసుకుంది. "నువ్వు పోయినా ఏమనుకోను."

ఎందుకు ఒప్పుకున్నాడో తర్వాత భార్యకి కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు. రిపేరు సగంలో వదిలేసి రావడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు, బహుశా అందుకే. "చూసొస్తాను అక్కయ్యా" అన్నాడు.

గేటు దాటి మళ్ళీ పట్టు వదిలాడు. సైకిలు ఊరు దాటింది. జనం షికారుకి పోయే ఆనకట్ట వైపు వెళ్ళలేదు. ముళ్ళపొదల వెనక నుంచి, ఎవరూ వాడని పాత తారు రోడ్డెక్కింది. పగుళ్ళలో గడ్డి మొలిచి ఉంది. అక్షరాలు చెరిగిపోయిన మైలురాయి ఒకటి దాటింది. రోడ్డు పల్లంలోకి దిగుతోంది. మంచులో ముందేముందో కనపడటం లేదు. వేగం పెరిగింది. బ్రేకులు నొక్కాడు. రబ్బరు రిమ్ముని పట్టి కీచుమనడం వినపడుతోంది, వేగం మాత్రం తగ్గడం లేదు.

రోడ్డు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. అడ్డం లేదు, హెచ్చరిక బోర్డు లేదు. ఆగిపోలేదు కూడా. నీటి కింద నల్లటి పట్టీలా ఇంకా ముందుకి పోతూనే ఉంది.

ముందు చక్రం నీళ్ళు కోసుకుంటూ దిగింది. పాదాలకి చల్లగా తగిలింది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, సైకిలు ఇంకా పోతోంది. ఆయన రెండు కాళ్ళూ కింద ఆనించి హ్యాండిల్ వెనక్కి లాగిపట్టాడు. అరచెయ్యి బెల్లుని గట్టిగా మూసి ఉంది. అప్పుడు వినపడింది. దూరంగా, నీళ్ళ నడిమధ్య నుంచి, దారి ఇమ్మని అడిగే సైకిల్ బెల్లు. ఒకసారి. మళ్ళీ ఒకసారి, ఈసారి కాస్త దగ్గరగా.

తాళ్ళు తెగిన లిఫ్టు గోతుల్లోకి నిబ్బరంగా దిగిన మనిషికి ఒళ్ళంతా మంచుముద్దయిపోయింది. మొండికేసిన ఎద్దుని లాగినట్టు సైకిలుని గట్టుకి లాగి, ఎక్కకుండా ఇంటిదాకా నడిపించుకొచ్చాడు.

"ఎక్కడ పడ్డారు?" అంది భార్య తడిసిన ప్యాంటు చూసి.

ఆయన అంతా చెప్పాడు. ఆమె మిషను ఆపేసి వింది. ఆ సైకిలు వెంటనే ఇచ్చేయమంటుందని అనుకున్నాడు.

"ఆవిడకి చెప్పారా?" అంది.

"లేదు. తిన్నగా ఇంటికే వచ్చేశాను."

"ముందు వెళ్ళి చెప్పండి. పాపం ఎదురుచూస్తూ ఉంటుంది."

మర్నాడు వెళ్ళి చెప్పాడు. పెద్దావిడ ఏడవలేదు. "అది మావారి ఊరి రోడ్డు తమ్ముడూ. పెళ్ళైన కొత్తలో ఆ రోడ్డు మీదే నన్ను క్యారియరెక్కించుకుని తీసుకెళ్ళారు" అంది. "నన్ను ఒకసారి తీసుకెళ్తావా?" అని అడిగింది.

తీసుకెళ్ళాడు. ఆమె క్యారియరు మీద పక్కకి తిరిగి కూర్చుంది. మనిషి ఎక్కినట్టే లేదు, అంత తేలిక. పల్లం మొదలవకముందే ఆయన దిగి, స్టాండు వేసి, చక్రానికి రాయి అడ్డం పెట్టాడు. ఆమె ఒక్కతే నీటి అంచు దాకా నడిచింది. చెప్పులు విప్పింది.

"ఏమండీ" అని పిలిచింది. భోజనానికి పిలిచినంత మామూలుగా. "పొద్దెక్కింది. ఇంటికి పోదాం రండి."

నీళ్ళు కదల్లేదు. బెల్లూ మోగలేదు. చాలాసేపు నిలబడి, ఆమె చెప్పులు తొడుక్కుని తిరిగొచ్చింది. ఆయన గుండె బరువు దిగింది. ఆమె మీద జాలి కూడా వేసింది.

"కూర్చోండి అక్కయ్యా."

"నేను నడుస్తాలే. నువ్వు నడిపించు."

స్టాండు తీసి తోశాడు. సైకిలు కదల్లేదు. రాయి తీసి మళ్ళీ తోశాడు. వంగి చూస్తే వెనక టైరు అణిగి ఉంది. గాలి పోయిందేమోనని నొక్కాడు. రాయిలా గట్టిగా ఉంది. క్యారియరు మీద ఏమీ లేదు.

ఆయన మరి వెనక్కి చూడలేదు. భుజం ఆనించి తోశాడు. చెమటలు కారాయి. ఆమె క్యారియరు పక్కనే నడుస్తోందని అడుగుల చప్పుడుని బట్టి తెలుస్తోంది. మధ్యమధ్య ఏదో మెల్లగా మాట్లాడుతోంది. "జాగ్రత్త, ఇక్కడ గుంతలుంటాయి" అంది ఒకచోట. ఆయనతో కాదు. ఎదురుగా వచ్చిన నీళ్ళ ట్యాంకరు డ్రైవరు వాళ్ళని చూసి, లారీని రోడ్డు దించి మట్టిలో ఆపేశాడు. వాళ్ళు దాటిపోయేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

గేటు లోపల సైకిలుని గోడకి ఆనించాక వెనక టైరు మెల్లగా పైకి లేచింది.

"నిన్ను చాలా కష్టపెట్టాను తమ్ముడూ" అని ఆమె గేటు వేసుకుంది. సైకిలు తిరిగిమ్మని ఆయన అడగలేదు.

కొత్తది కొనడానికి ఈసారి భార్య కూడా వెంట వచ్చింది. రంగు తనే ఎంచింది, గేర్లున్నదే కావాలంది. పాతదేమైందని షాపువాడు అడగలేదు. ఆ ఏడాది లిఫ్టాయన పొట్ట తగ్గింది, ప్యాంట్లన్నీ భార్య నడుము దగ్గర బిగించి కుట్టింది. ఎదురుగాలి ఉన్నరోజు మరీ ఉత్సాహంగా తొక్కేవాడు. ఈల కూడా మళ్ళీ వచ్చింది.

ఎండాకాలంలో ఒకరోజు ఉండబట్టలేక ఆకుపచ్చ గేటు దాకా వెళ్ళాడు. పెద్దావిడ బయటికొచ్చింది. జుట్టు నున్నగా దువ్వుకుని ఉంది, ముఖంలో కళ వచ్చింది. గడియ మాత్రం తీయలేదు. ఇంటి వెనక నుంచి చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు, మగగొంతు సవరించుకున్న చప్పుడు వినపడ్డాయి.

"స్నానం చేస్తున్నారు" అంది ఆమె గొంతు తగ్గించి. "ఈమధ్య పొద్దస్తమానం స్నానమే. ఎంత తుడుచుకున్నా తడి ఆరదంటారు. కొత్తవాళ్ళంటే ఇంకా కొంచెం బెరుకు. ఇంకోసారి రా తమ్ముడూ, ఏమనుకోకు."

"అలాగే అక్కయ్యా" అన్నాడు. అనడమే గానీ మళ్ళీ పోలేదు.

ఇంటికొచ్చాక భార్య అడిగింది. "ఎలా ఉందావిడ?"

"బాగానే ఉంది. సంతోషంగా ఉంది."

ఆమె ఆయన ముఖంలోకి చూసి, గుండీల డబ్బా ముందుకి తోసింది.

తర్వాత పరీక్షలకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ రిపోర్టులు చూసి మెచ్చుకుంది. రోజూ ఎటు వెళ్తారని అడిగింది.

"కొండవైపమ్మా. ఎగువకి తొక్కుతాను."

"ఈ వయసులో ఎగువకా? ఆయాసం రాదూ?"

"వస్తుంది" అన్నాడు లిఫ్టాయన. "పర్లేదమ్మా, అటే బాగుంటుంది."