సోయా గింజ పొట్టు

వీరమ్మది ఎమ్మిగనూరు దారిలో పల్లె. ఒకప్పుడు ఆమె పత్తి విత్తనం రుద్దే మనిషి. నూగు అంటిన గింజల మీద పేడనీళ్లు, ఎర్రమన్ను చల్లి, గోనెపట్టా మీద అరచేతులతో గట్టిగా రుద్దితే ఏ గింజకాగింజ విడిపోయేది. తర్వాత నూగు తీసిన గింజలే ప్యాకెట్లలో వచ్చాయి. పద్దెనిమిదేళ్లు ఆమెను విత్తనానికి ఎవరూ పిలవలేదు. కలుపు తీసే కూలికి పోయేది.

ఈసారి బడే సాబ్ పిలిచాడు. మూడెకరాల్లో మొదటిసారి సోయా వేస్తున్నాడు. ముందురోజు మంచి వాన పడింది. మూడు మూటలకూ మందు పట్టించి నీడన ఆరబెట్టాలి. మధ్యాహ్నానికి విత్తే ట్రాక్టర్ వస్తుంది. ఆదోని అంగళ్లలో విత్తనం అయిపోయింది. ఉన్నవి ఈ మూడు మూటలే.

మొదటి మూట పట్టా మీద పోసి, మందు పొడి చల్లి, నీళ్లు చిలకరించి వీరమ్మ రుద్దింది. చేతులకు పాత ఊపు వచ్చింది. మూట ముగించి అరచేతులు దులుపుకొంటే పొడితోపాటు సన్నని పొరలు రాలాయి.

ఆమె కాసేపు వాటినే చూసింది. తర్వాత యాభై గింజలు ఏరి పళ్లెంలో నీళ్లు పోసి వేసింది. పొట్టు చిట్లిన గింజ గబగబా నీళ్లు తాగుతుంది. పది నిమిషాల్లో ఇరవై రెండు ఉబ్బాయి. విప్పని మూటలోవి యాభై వేస్తే మూడే ఉబ్బాయి. ఉబ్బినవి తడి నేలలో మొలవక ముందే కుళ్లిపోతాయి.

పక్కన కూర్చున్న బడే సాబ్ కోడలు అల్మాస్‌కు సంగతి తెలిసిపోయింది.

"ఊరుకో పెద్దమ్మా. మొలవకపోతే మామ అంగడాయన్ను తిడ్తాడు. నీ పేరు ఎవురు తీస్తారు?"

నిజమే, ఎవరూ తీయరు. చెబితే మాత్రం ఇక ఏ ఇంట్లోనూ ఆమెను విత్తనం ముట్టనివ్వరు. దారిలో ట్రాక్టర్ మోత వినిపించింది. బడే సాబ్ లోపలికి వచ్చి, అయిందా అని అడిగాడు.

"ఈ మూట నేను సెడగొట్నాను అన్నా," అంది వీరమ్మ. "పత్తిని రుద్దినట్ల రుద్దినా. పొట్టు ఊడిపోయినాది."

బడే సాబ్ గొంతుక్కూర్చొని పళ్లెంలో గింజను వేలితో నొక్కాడు. బద్దలు విడిపోయాయి. బయట డ్రైవర్ హారన్ కొట్టాడు.

"ఇది ఎకరాకు బదులు అరెకరాలోనే ఒత్తుగా పోద్దాం," అన్నాడు. "ఆ రెండు మూటలకూ మందు కలుపు."

"నేను ముట్టను. ఇంకెవరినన్నా పిల్సుకో."

"ఇంకెవరు? వాళ్లూ రుద్దుతారు. పొట్టు ఊడేది సూసినదానివి నువ్వే కదా."

వీరమ్మ గోనెపట్టా తీసేసింది. పాత చీర పరిచి గింజలు కొద్దికొద్దిగా పోసి, మందు చల్లింది. చెరో రెండు కొసలూ పట్టుకొని ఆమె, అల్మాస్ మెల్లగా ఇటూ అటూ దొర్లించారు. నీడన ఆరేదాకా డ్రైవర్ గొణుగుతూనే ఉన్నాడు.

ఆరో రోజు వీరమ్మ ఒక్కతే చేనికి పోయింది. రెండెకరాల్లో సాళ్లు బారుగా లేచాయి. అరెకరాలో సాలు పొడుగునా జానెడు మేర మొలకలు, జానెడు మేర ఖాళీ. ఖాళీలో మన్ను తవ్వితే మెత్తబడిన గింజ చేతికి వచ్చింది. గట్టు మీద బడే సాబ్ నిలబడి ఉండటం అప్పుడు చూసింది.

"పక్కచేని లక్ష్మన్న కూడా సోయా తెచ్చినాడు," అన్నాడతను. "మందు కలిపేకి నిన్ను పంపమన్యాడు."

"ఇది సెప్పినావా ఆయప్పకు?"

"సెప్పినా. రేపు పొద్దున్నే రమ్మన్యాడు."